గుడ్డికొంగ గుర్తులు

చెరువు గట్టు మీద నడుస్తుంటే, నాలుగడుగుల దూరంలో ఉన్నట్టుండి ఒక తెల్లటి పక్షి లేస్తుంది. బొంగురుగా ఒక్క అరుపు అరిచి, నీటి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, అవతలి ఒడ్డున వాలుతుంది. వాలిన మరుక్షణం మాయమవుతుంది. బైనాక్యులర్స్ పెట్టి తెల్లకొంగ కోసం వెతికితే అక్కడ ఎండిన తుంగ, బురద, రెండు రాళ్లు తప్ప ఏమీ కనపడవు. కొత్తగా పక్షులు చూడటం మొదలుపెట్టినవాళ్లు నోటుపుస్తకంలో ‘తెల్లకొంగ, ఒకటి’ అని రాసుకుని ముందుకు సాగిపోతారు. అక్కడే లెక్క తప్పుతుంది. లేచింది గుడ్డికొంగ. ఆ రెండు రాళ్లలో ఒకటి అదే.

ఇదేమీ అరుదైన పక్షి కాదు. దక్షిణ ఇరాన్ నుంచి పాకిస్తాన్, భారతదేశం, శ్రీలంకల మీదుగా మయన్మార్ దాకా నీరు నిలిచే చోటల్లా ఉంటుంది. మన దగ్గర చెరువు, కుంట, కాల్వ, వరిమడి, చేపల చెరువు, పట్నంలో మురుగు పారే నాలా, ఏదైనా దానికి సమ్మతమే. కొల్లేరు గట్ల మీద ఎంత మామూలుగా కనిపిస్తుందో హైదరాబాద్ చెరువుల ఒడ్డునా అంత మామూలుగానే కనిపిస్తుంది. శాస్త్ర గ్రంథాల్లోకి ఇది ఎక్కింది కూడా దక్కన్ నుంచే. బొంబాయి ప్రెసిడెన్సీలో పనిచేసిన సైనికాధికారి విలియం హెన్రీ సైక్స్ దక్కన్ పక్షుల జాబితా కూర్చుతూ 1832లో దీన్ని వర్ణించాడు. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే పేరును దీనికి తగిలించాడు. నేటి శాస్త్రీయ నామం ఆర్డియోలా గ్రాయీ.

ఈ కొంగను రంగు చూసి గుర్తుపట్టబోతే మోసపోతాం. ఎగిరితే ఒక రంగు, నిలబడితే ఒక రంగు, వానాకాలంలో మరో రంగు. అయినా నాలుగు రోజులు శ్రద్ధగా చూసినవాళ్లు దూరం నుంచే, బైనాక్యులర్స్ లేకుండానే, ‘అది గుడ్డికొంగే’ అని చెప్పగలుగుతారు. వాళ్లు చూసేది నిలబడ్డ తీరు, ఎంచుకున్న చోటు, మెడ మడిచిన పద్ధతి. ఈ గుర్తులన్నీ ఆ పక్షి బతుకుతెరువులోంచి పుట్టినవే. చేపను, కప్పను పట్టుకు తినడానికి దానికి ఏది అవసరమో అదే మనకు గుర్తుగా కనపడుతోంది. కాబట్టి ఒక్కో గుర్తునూ దాని పనితో కలిపి చూద్దాం.

దాగే రంగు, మెరిసే రంగు

గుడ్లు పెట్టే కాలం కాని నెలల్లో గుడ్డికొంగ తల, మెడ, ఛాతీ లేత గోధుమ రంగులో ఉంటాయి. వాటి మీద ముదురు గోధుమ చారలు నిలువునా దిగుతాయి. వీపు చారల్లేని మట్టిరంగు. ముక్కు పసుపు, దాని కొస నలుపు. కన్ను పసుపు. కాళ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు. రెక్కలు, నడుము, తోక, పొట్ట మాత్రం తెల్లగా ఉంటాయి. రెక్కలు ముడిచినప్పుడు వీపు ఈకలు వాటి మీదికి జారి దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. తెల్లచొక్కా మీద మట్టిరంగు దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషిలాంటి వేషం అది. పొడవు 45 సెంటీమీటర్ల లోపే, ఊరకాకి కంటే కాస్త ఎక్కువ. రెక్కలు విప్పితే మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు 75 నుంచి 90 సెంటీమీటర్లు.

చారలు నిలువుగానే ఎందుకు ఉన్నాయో అది నిలబడే చోటు చూస్తే తెలుస్తుంది. తుంగ, జమ్ము, వరి దుబ్బులు అన్నీ నిలువు గీతలే. వాటి నీడలూ అంతే. ఆ గీతల మధ్య ఇంకొన్ని గీతలు కలిస్తే పక్షి ఆకారం చెదిరిపోతుంది. అయితే రంగు ఒక్కటే చాలదు, కదలకుండా ఉండటం కూడా కావాలి. దాని ఆహారంలో కప్పలు ముఖ్యమైనవి కాబట్టి ఇక్కడ కప్ప కంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జెరోమ్ లెట్విన్ బృందం 1959లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కప్ప కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల్లో చాలావరకు కదలికకూ, అంచులకూ, ఉన్నట్టుండి పడే నీడకూ స్పందించేవే. చుట్టూ కదలకుండా ఉన్న లోకం వివరాలను కప్ప పెద్దగా పట్టించుకోదు. ఎదురుగా నిలబడ్డ కొంగ కదలనంత సేపూ కప్ప దృష్టిలో అది ప్రమాదం కాదు. కొంగ జపమని మనం వెక్కిరించేది నిజానికి కప్ప కంటికి సరిగ్గా కొలిచి చేసిన పని.

మరి ఎగిరినప్పుడు అంత తెలుపెందుకు? దాక్కోవడమే లక్ష్యమైతే రెక్కలు కూడా మట్టిరంగులో ఉంటే సరిపోయేది కదా. దీనికి శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణల్లో ఒకటి ఆసక్తికరమైనది. తరిమే జంతువు కంటిలో తెల్లటి వస్తువు ముద్ర పడుతుంది. వాలగానే ఆ తెలుపు మాయమవుతుంది. తరిమేది ఇంకా తెలుపు కోసమే వెతుకుతూ మట్టిరంగును దాటి వెళ్లిపోతుంది. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2018లో ఈ ఆలోచనను పరీక్షకు పెట్టారు. మనుషులనే వేటాడే జంతువులుగా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, తెర మీది బొమ్మలను వెతకమన్నారు. కదిలేటప్పుడు కొట్టొచ్చే రంగు చూపి, ఆగగానే నేపథ్యంలో కలిసిపోయిన బొమ్మలు ఎక్కువగా తప్పించుకున్నాయి. ప్రయోగం కొంగల మీద చేసింది కాదు, కాబట్టి గుడ్డికొంగకు ఇది నేరుగా రుజువు అనలేం. కానీ గట్టు మీద మనం రోజూ మోసపోయే తీరు మాత్రం అచ్చం ఇదే.

చూడటానికి వెళ్లినవాళ్లు ఇందులోంచి ఒక కిటుకు నేర్చుకోవచ్చు. పక్షి లేచినప్పుడు దాని రంగును వదిలేసి, వాలిన చోటును గుర్తు పెట్టుకోవాలి. ఏ జమ్ము దుబ్బుకు కుడివైపున, ఏ రాయికి ఇవతల అన్నది ముఖ్యం. ఆ తర్వాత అక్కడ మట్టిరంగు దిమ్మె కోసం వెతకాలి. పసుపు ముక్కు అడ్డంగా కనిపిస్తే దొరికినట్టే.

మెడ ఎక్కడుంది?

నిలబడ్డ గుడ్డికొంగను చూస్తే మెడ లేదేమో అనిపిస్తుంది. తల నేరుగా భుజాల మీద అతికించినట్టు ఉంటుంది. అదే పక్షి చేప మీదికి ముక్కు విసిరిన క్షణంలో, దాని ఒంటి పొడవుకు ఏమాత్రం పొంతన లేనంత మెడ బయటికి వస్తుంది. మనిషి మెడలో 7 పూసలుంటే కొంగల మెడలో 20 లేదా 21 ఉంటాయి. వాటిలో ఆరో పూస కీలు ప్రత్యేకంగా ఉండి, మెడ అక్కడ గట్టిగా వంగుతుంది. దానివల్లే మెడ వంపులు తిరిగి ముడుచుకుంటుంది, ఒక్కసారిగా సాగుతుంది. ఒంటిని కదపకుండా, కాళ్ల దగ్గర నీటిని చెదరనీయకుండా, ముక్కును మాత్రమే దూరం పంపడానికి ఇదే ఏర్పాటు.

ఈ మెడ ఆకాశంలో కూడా గుర్తుగా పనికొస్తుంది. మనం మామూలుగా కొంగ అని పిలిచేవాటిలో రెండు మూడు వేరు వేరు కుటుంబాల పక్షులు ఉన్నాయి. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, అలాగే కంకణాలు ఎగిరేటప్పుడు మెడను ముందుకు చాచి ఎగురుతాయి. గుడ్డికొంగ, తెల్లకొంగలు, నారాయణ పక్షి, రాత్రి కొంగ మెడను వెనక్కి మడిచి, కాళ్లను తోక వెనక్కి చాచి ఎగురుతాయి. ఎంత దూరంలో ఉన్నా, వెలుగు ఎంత మసకగా ఉన్నా ఈ తేడా చెదరదు. రంగు చూడాల్సిన అవసరమే లేకుండా సగం పక్షులను జాబితాలోంచి తీసేయవచ్చు.

మెడ మడిచి ఎగిరే ఈ కుటుంబానికి చెందిన ఇంకో గుర్తు దగ్గరగా చూసేవాళ్లకు దొరుకుతుంది. కడుపు నిండాక గుడ్డికొంగ ఒడ్డున నిలబడి చాలాసేపు ఈకలు దువ్వుకుంటుంది. కాలి మధ్యవేలి గోరు అంచు దువ్వెన పళ్లలా నొక్కులు తేలి ఉంటుంది. ఛాతీ మీదా నడుం మీదా కొన్ని ప్రత్యేకమైన ఈకలు కొసలనుంచి పొడిగా రాలుతూ ఉంటాయి. చేపల జిగురు, బురద అంటిన ఈకలకు ఆ పొడి పట్టించి, గోరుతో దువ్వి శుభ్రం చేసుకుంటుంది. ఏమీ జరగడం లేదని చూసేవాళ్లు బైనాక్యులర్స్ దించేసే సమయంలో జరిగే పని ఇది.

నీటిలో చేప ఉన్న చోటు, కనిపించే చోటు

బకెట్ నీళ్లలో చెంచా వేసి చూస్తే వంగినట్టు కనిపిస్తుందని అందరికీ తెలుసు. వెలుగు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు దారి మళ్లుతుంది. నాలుగు అంగుళాల లోతులో ఉన్న చేప నిట్టనిలువుగా పైనుంచి చూస్తే మూడంగుళాల లోతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలినట్టు కనిపిస్తుంది. ముక్కు విసిరేవాడు కంటికి కనిపించిన చోట పొడిస్తే చేప దొరకదు. గుడ్డికొంగ నిలబడేది ఒడ్డున. చూసేది దాదాపు ఎప్పుడూ ఏటవాలుగానే. అంటే దాని బువ్వంతా ఈ లెక్క సరిచేసుకోవడం మీదే ఆధారపడి ఉంది.

కొంగలు ఈ లెక్కను ఎలా చేస్తాయో ఇజ్రాయెల్‌కు చెందిన గాడి కాట్జిర్ చాలా ఏళ్లు పరిశోధించాడు. సముద్రతీరాల్లో తిరిగే రీఫ్ హెరాన్ అనే కొంగ మీద ఆయనా, నేథన్ ఇంట్రేటర్ కలిసి 1987లో ప్రచురించిన పరిశోధన ఇందులో ముఖ్యమైనది. ఆ కొంగ కనిపించినప్పుడల్లా పొడిచేయదు. ముందు తలను ఒక నిర్దిష్టమైన స్థానానికి తెచ్చుకుంటుంది. ఆ స్థానం నుంచి చూస్తే చేప కనిపించే లోతుకూ నిజమైన లోతుకూ మధ్య ఒక క్రమమైన సంబంధం ఉంటుంది. అక్కడి నుంచి మొదలైన దెబ్బ కనిపించే చోటికి కాకుండా, చేప నిజంగా ఉన్న చోటికి వెళ్తుంది. కాట్జిర్ బృందమే 1999లో నాలుగు రకాల కొంగలను పోల్చి చూసింది. వాటిలో గుడ్డికొంగకు అతి దగ్గరి చుట్టం, అదే ఆర్డియోలా ప్రజాతికి చెందిన స్క్వాకో హెరాన్ కూడా ఉంది. పశువుల వెంట తిరుగుతూ మిడతలు ఏరుకుతినే తెల్లకొంగ నీటిలోని ఎరను పట్టడంలో మిగిలినవాటి కంటే వెనకబడింది. అది బతికేది గడ్డినేల మీద. ఆ లెక్క దానికి అంతగా అవసరం పడదు.

కంటి అమరికలో ఇంకో విశేషం ఉంది. గ్రాహం మార్టిన్‌తో కలిసి కాట్జిర్ 1994లో ఈ కొంగల చూపు ఎంత మేర వ్యాపిస్తుందో కొలిచాడు. రెండు కళ్లూ కలిసి చూసే మేర అడ్డంగా సన్నగా, నిలువుగా మాత్రం చాలా పొడవుగా ఉన్నట్టు తేలింది. ముక్కును నేలకు సమాంతరంగా ఉంచుతూనే కొంగ తన కాళ్ల దగ్గరి నీటిని చూడగలదు. తల వంచనక్కర్లేదు, అంటే కదలనక్కర్లేదు. ఎటో చూస్తున్నట్టు నిలబడ్డ గుడ్డికొంగ ఉన్నట్టుండి కాళ్ల దగ్గర పొడిస్తే మనకు ఆశ్చర్యం కలిగేది అందుకే.

ఎండ పడుతున్న నీటి మీద మెరుపు మరో చిక్కు. ఉత్తర అమెరికాలోని పెద్ద నీలికొంగ ఎండ ఎదురైనప్పుడు తలను పక్కకు వంచి నిలబడుతుందని, దానివల్ల నీటి మెరుపు తగ్గి లోపలి చేప కనిపిస్తుందని జాన్ క్రెబ్స్, బ్రయాన్ పార్ట్రిడ్జ్ 1973లో నేచర్ పత్రికలో రాశారు. మన చెరువు మీద గుడ్డికొంగ ఏం చేస్తుందో గట్టు మీద కూర్చున్న ఎవరైనా చూసి రాసుకోవచ్చు. పొద్దున్నే తూర్పుకు ముఖం పెట్టి నిలబడ్డ పక్షి తల ఎటు వంగింది, పడమరకు తిరిగిన పక్షి తల ఎటు వంగింది అని నాలుగైదు ఉదయాలు గమనిస్తే చాలు.

వానకు ముందు వేషం

ఎండాకాలం చివర్లో ఈ పక్షి తీరే మారిపోతుంది. వీపు మీద సన్నటి, పొడవాటి కొత్త ఈకలు మొలుస్తాయి. వాటి రంగు ముదురు చెర్రీ ఎరుపు. చారలు పోయి తల, మెడ పసుపు కలిసిన లేత గోధుమ రంగుకు వస్తాయి. తల వెనక పొడవాటి తెల్లని ఈకలు రెండు మూడు వేలాడతాయి. ముక్కు మొదలు నీలంగా మారుతుంది. జత కుదిరే కొద్ది రోజుల్లో కాళ్లు కూడా ఎర్రబడవచ్చు. జనవరిలో చూసిన పక్షిని జూన్‌లో చూస్తే వేరే జాతి అనుకునేంత తేడా. ఆడా మగా రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి రంగు చూసి లింగం చెప్పలేం.

ఈ మార్పులో రెండు రకాలున్నాయి, రెంటినీ విడిగా చూడాలి. ఈక ఒకసారి పెరిగాక దానికి రక్తప్రసారం ఉండదు, దాని రంగును పక్షి మార్చుకోలేదు. పాత ఈక రాలి కొత్తది రావాల్సిందే. కాబట్టి వీపు ఎరుపు నెమ్మదిగా, మచ్చలు మచ్చలుగా వస్తుంది. సగం చారలు, సగం ఎరుపు ఉన్న పక్షి కనిపిస్తే అది ఈకలు మార్చుకుంటున్నదన్న మాట. ముక్కు, కాళ్లు, కళ్ల చుట్టూ ఉండే చర్మం మాత్రం ప్రాణమున్న కణజాలం. హార్మోన్ల ప్రభావంతో వాటి రంగు త్వరగా వచ్చి త్వరగానే వెలిసిపోతుంది. ఎర్రకాళ్లు చూసిన తేదీ రాసుకుంటే జత కుదిరిన రోజులకు అది దగ్గరి సూచన. ఎర్రవీపు అంత కచ్చితంగా చెప్పదు.

మన ప్రాంతంలో గుడ్లు పెట్టే కాలం ప్రధానంగా నైరుతి రుతుపవనాలతో ముడిపడి ఉంటుంది. పిల్లలు గూట్లో నోళ్లు తెరిచే నాటికి చెరువులోకి కొత్తనీరు వచ్చి, కప్పలు గుడ్లు పెట్టి, తోకకప్పలూ తూనీగ పిల్లపురుగులూ పెరిగి, మడుల్లో దమ్ము చేసిన నీళ్లు నిలిచి ఉంటాయి. ఆహారం అందే వేళకు పిల్లల ఆకలి వేళను జతపరచడమే ఇందులోని తంత్రం. వానలు ఆలస్యమైన ఏడాది ఎర్రవీపులు ఎప్పుడు కనిపించాయన్నది చిన్న ప్రశ్నే గానీ ఊరి చెరువు దగ్గర ఉండేవాళ్లు తప్ప ఎవరూ జవాబివ్వలేనిది.

పోలికలతో వచ్చే చిక్కు

గుడ్డికొంగ అనుకుని పొరబడే పక్షులు కొన్ని ఉన్నాయి.

మొదటిది రాత్రి కొంగ పిల్ల. ఇదీ గోధుమరంగే, ఇదీ మెడ ముడుచుకుని కూర్చుంటుంది. కానీ ఒళ్లు బాగా పెద్దది, ముక్కు లావు. రెక్కల మీద తెల్లటి చుక్కలుంటాయి. ఎగిరినప్పుడు తెల్లరెక్క కనిపించదు. ఈ చివరి ఒక్క గుర్తే చాలు.

రెండోది చిన్న ఆకుపచ్చ కొంగ. బూడిద, ఆకుపచ్చ కలిసిన ముదురు రంగు, నల్లటి టోపీ. కోరింగ వంటి మడ అడవుల్లోనూ, చెట్ల నీడ పడే కాల్వల్లోనూ ఎక్కువ. దీనికీ తెల్లరెక్కలు లేవు.

మూడోది పసుపు బిట్టర్న్. జమ్ము మధ్య ఉండే సన్నటి పక్షి. లేత పసుపు గోధుమ ఒంటికి ఎగిరే ఈకలు నల్లగా ఉండటం దాని గుర్తు.

ఎగిరిపోతున్న తెల్లకొంగతో పోలిస్తే తేడా వీపులో ఉంటుంది. తెల్లకొంగలకు వీపు కూడా తెలుపే. గుడ్డికొంగకు రెండు తెల్లరెక్కల మధ్య మట్టిరంగు పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. దాని పిల్లలకు రెక్కల కొసల్లోనూ, తోకలోనూ కాస్త మట్టిరంగు మరకలు ఉంటాయి.

అసలు చిక్కు చైనా గుడ్డికొంగతో వస్తుంది. ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్ దీవుల్లో అది కనిపిస్తుంది. జత కట్టే కాలంలో దాని తల, మెడ ముదురు ఎరుపు, వీపు నలుపు కలిసిన బూడిద రంగు కాబట్టి తేలిగ్గా తెలుస్తుంది. మిగిలిన నెలల్లో రెండూ చారల వేషమే వేసుకుంటాయి, బయట చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. రెండూ ఉండే ప్రాంతంలో శీతాకాలంలో చూస్తే ‘గుడ్డికొంగల్లో ఒకటి’ అని రాయడమే సరైన రాత. పేరు పెట్టి తీరాలన్న తొందర రికార్డులను పాడుచేస్తుంది.

చూసే పద్ధతి

పేరు తెలిశాక చాలామంది తర్వాతి పక్షికి వెళ్లిపోతారు. గుడ్డికొంగ దగ్గర అసలు పని అప్పుడే మొదలవుతుంది. రోజూ ఒకే చోట దొరుకుతుంది, కాస్త ఓపికగా ఉంటే దగ్గరకు రానిస్తుంది, ఏడాది పొడవునా ఉంటుంది. అరుదైన పక్షి ఈ మూడు సౌకర్యాల్లో ఒక్కటీ ఇవ్వదు.

జంతువుల ప్రవర్తన గమనించే పద్ధతుల మీద జీన్ ఆల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1974లో ఒక వ్యాసం రాసింది. ఆ రంగంలో దాన్ని ఇప్పటికీ పాఠంగా చదువుతారు. కంటికి తోచింది తోచినట్టు రాసుకుంటూ పోతే చూసేవాళ్లు తమకు తెలియకుండానే హడావిడి సంఘటనలను ఎక్కువగా రాస్తారు, ఏమీ జరగని సమయాన్ని వదిలేస్తారు అన్నది అందులోని ఒక హెచ్చరిక. దానికి విరుగుడుగా ఒక్క జీవినే ఎంచుకుని, ముందే నిర్ణయించుకున్న సమయం పాటు, అది చేసినదంతా రాయాలి. గుడ్డికొంగకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఎందుకంటే దాని పనిలో ఎక్కువ భాగం నిలబడటమే. పట్టిన చేపలను మాత్రమే లెక్కపెడితే అది గొప్ప వేటకాడు. పది నిమిషాలు మొత్తం రాస్తే ఎంతసేపు ఎదురుచూసింది, ఎన్నిసార్లు గురి తప్పింది అన్నీ తెలుస్తాయి.

కావలసిన సరంజామా తక్కువ. బైనాక్యులర్స్, గడియారం, పెన్సిలు, పుస్తకం. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా చూసుకోండి. తూము గోడ చాటునో, చెట్టు మొదట్లోనో, ఆగిన బండిలోనో కూర్చోండి. పక్షి మెడ నిటారుగా పైకి చాచిందంటే మిమ్మల్ని చూసిందని అర్థం. అక్కడే ఆగిపోవాలి. మెడ మళ్లీ ముడుచుకున్నాక లెక్క మొదలుపెట్టాలి. భయపడుతున్న పక్షి మీద తీసిన లెక్క మీ గురించే చెబుతుంది తప్ప దాని గురించి కాదు.

రాయాల్సినవి కొన్నే: ఎన్ని అడుగులు వేసింది, ఎన్నిసార్లు ముక్కు విసిరింది, ఎన్నిసార్లు మింగింది. మింగడం తెలుసుకోవడం సులువు. తల పైకి ఎగరేస్తుంది, గొంతులో ఉబ్బు కిందికి జారుతుంది. గురి తప్పితే ముక్కు విదిలించుకుని మళ్లీ పాత భంగిమకు వస్తుంది. నీటి లోతును కాలితో కొలవండి: వేళ్ల వరకా, కాలి నడిమికా, కీలు వరకా, పొట్ట తగిలేంతా. వెనక్కి వంగినట్టు కనిపించే ఆ కీలు మోకాలు కాదు, చీలమండ. మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. ఎండ ఎటునుంచి పడుతోంది, పక్కన ఇంకో గుడ్డికొంగ ఎంత దూరంలో ఉంది అన్నవి కూడా రాయాలి. తిండి దగ్గర ఇవి ఒంటరిగా ఉండటానికే ఇష్టపడతాయి. ఇంకోటి దగ్గరికొస్తే తల మీద ఈకలు నిక్కబొడుచుకుని, అరిచి, తరుముతాయి. ఎంత దూరంలోకి వస్తే తరుముతుందో చూస్తే అది తనదనుకుంటున్న మేర ఎంతో తెలుస్తుంది.

ఒకే చెరువులో చోటును బట్టి పద్ధతి మారుతుంది. గుర్రపుడెక్క మీద నిలబడ్డ పక్షి లోతైన నీటి దాకా వెళ్లగలుగుతుంది. అలుగు కింద నిలబడ్డది నీటితో కొట్టుకొచ్చే చేపపిల్లల కోసం కాస్తుంది. దమ్ము చేసిన మడిలో అది నడుస్తూ వేటాడుతుంది. వలలు లాగే చోట మనుషులకు అడుగుల దూరంలో కూడా నిలబడుతుంది. ఎక్కడ నిమిషానికి ఎక్కువ తిండి దొరుకుతోంది, ఎక్కడ ఎక్కువగా గురి తప్పుతోంది? బురదనీటిలోనా, తేటనీటిలోనా? ఇవి ఏ బడిపిల్లలైనా ఒక సెలవు కాలంలో తేల్చగల ప్రశ్నలు.

గూళ్ల చెట్టు

పగలంతా విడివిడిగా తిరిగే ఈ పక్షులు సాయంత్రానికి ఒకే చెట్టుకో, ఒకే జమ్ములోకో చేరతాయి. గూళ్లు కూడా కలిసే కడతాయి. చింత, మర్రి, రావి, తుమ్మ వంటి చెట్ల మీద తెల్లకొంగలు, రాత్రి కొంగలు, నీటికాకులతో పాటు వీటి గూళ్లు ఉంటాయి. పట్నంలో రద్దీ రోడ్డు పక్క చెట్లనూ వదలవు. పుల్లలు ఏరి తెచ్చేది ఎక్కువగా మగది, పేర్చేది ఆడది. లేత నీలం, ఆకుపచ్చ కలిసిన గుడ్లు మామూలుగా 3 నుంచి 5 వరకు పెడతాయి. వంతులవారీగా రెండూ పొదుగుతాయి, రెండూ మేపుతాయి.

మొదటి గుడ్డు పెట్టినప్పటి నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి పిల్లలన్నీ ఒకే రోజు బయటికి రావు. ఒకే గూట్లో పెద్దది, నడిమిది, చిన్నది కనిపిస్తాయి. తిండి పుష్కలంగా ఉన్న ఏడు అన్నీ బతుకుతాయి. కరువైన ఏడు చిన్నది నిలవదు. క్రూరంగా అనిపించినా, వానను ముందుగా లెక్కగట్టలేని పక్షికి ఇది ఒక బీమా.

ఈ చెట్టు కిందికి వెళ్లేటప్పుడు ఒక నియమం కచ్చితంగా పాటించాలి. పొదిగే రోజుల్లో దగ్గరికి వెళ్లకూడదు. తల్లిదండ్రులు బెదిరి లేస్తే ఆ కొద్ది నిమిషాలకే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఎదురు మేడ మీద నుంచో, రోడ్డుకు అవతలి నుంచో చూసి లెక్కపెట్టుకోవాలి. రెట్ట వాసన భరించలేక కాలనీలవాళ్లు ఇలాంటి చెట్ల కొమ్మలు కొట్టించడం మామూలే. కొట్టక తప్పదనుకుంటే పిల్లలు ఎగిరిపోయిన తర్వాత కొట్టమని అడగడం, ఆ నెలలేవో రాసిన కాగితం చేతిలో పెట్టడం పక్షులు చూసేవాళ్లు చేయగల సాయం.

లెక్కలో కొంగ

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే చెరువుల దగ్గర నిలబడి పక్షులను లెక్కిస్తారు. జనవరి అంటే గుడ్డికొంగ చారల వేషంలో ఉండే నెల. తెల్లకొంగలు దూరం నుంచే లెక్కకు వస్తాయి. గుడ్డికొంగలు రాళ్లలో, తుంగలో కలిసిపోయి లెక్క తప్పించుకుంటాయి. అంటే కాగితం మీద ఉన్న అంకె చెరువులో ఉన్న అంకె కంటే తక్కువ. అది ఎంత తక్కువో కూడా తెలుసుకోవచ్చు. మధ్యాహ్నం గట్టు మీద నుంచి ఒకసారి లెక్కపెట్టి, అదే సాయంత్రం అవి చేరే చెట్టు దగ్గర నిలబడి మరోసారి లెక్కపెట్టాలి. రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే మన కళ్లు ఎన్నిటిని దాటిపోయాయో కాస్త అంచనాకు వస్తుంది. వేరే చెరువుల నుంచి వచ్చినవి కూడా ఆ చెట్టుకు చేరతాయి కాబట్టి ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో కూడా రాయాలి.

గుడ్డికొంగ ఇప్పటికైతే అంతర్జాతీయ జాబితాల్లో ప్రమాదం లేని పక్షుల వరుసలోనే ఉంది. చేపల చెరువులకూ మురుగు కాల్వలకూ కూడా అలవాటు పడటం దానికి కలిసొచ్చింది. అయినా అది తినేదంతా మనం మందులు చల్లిన మడుల్లోంచీ, మట్టి పోసి పూడుస్తున్న కుంటల్లోంచీ వచ్చేదే. మామూలు పక్షి తగ్గిపోతుంటే అది ఎవరి కంటా పడదు, ఎందుకంటే నిన్న ఎన్ని ఉన్నాయో ఎవరూ రాసిపెట్టి ఉండరు. అందుకే ఒక చెరువును ఎంచుకోండి. నెలకోసారి, అదే వేళకు, అదే దారిన నడిచి లెక్కపెట్టండి. ఒక్కటీ కనిపించని రోజు సున్నా వేయడం మరవద్దు. మే, జూన్ నెలల్లో మొదటి ఎర్రవీపు కనిపించిన తేదీ, ఆ ఏడు చెరువులోకి కొత్తనీరు వచ్చిన తేదీ పక్కపక్కన రాయండి. ఒక ఏడాది రాత వల్ల ఏమీ తేలదు. అయిదో ఏడు వచ్చేసరికి, మీ చెరువు గుడ్డికొంగల గురించి ఏ పుస్తకంలోనూ లేని సంగతి మీ పుస్తకంలో ఉంటుంది.